ముక్కున పుల్ల పట్టిన పిట్ట

వేలం హాలులో అందరూ ఆయనను భూతద్దం గారు అనేవారు. ఎదుట అనేవారు కాదు, అయినా ఆయనకు తెలుసు. తెలిసీ ఊరుకునేవారు. లోలోపల కాస్త ముచ్చటగా కూడా ఉండేది. వేలానికి వచ్చే పాత ఆయుధాలు ఎక్కడివో, ఎప్పటివో, ఎవరి చేతి పనో తేల్చి చెప్పడం ఆయన ఉద్యోగం. కత్తులూ బాకులూ చూసేవారు గానీ ఆయన ప్రాణమంతా పాత జర్మన్ తుపాకుల మీదే. జోడుగొట్టాల తుపాకీ ఒకటి చేతికిస్తే పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకుని, గొట్టాలు విడదీసి, వాటి అడుగున కొట్టిన ముద్రలను వెతుక్కుంటూ లోకం మరిచిపోయేవారు.

ఇంట్లో మాత్రం ఈ విద్యకు గిరాకీ లేదు. భార్య బ్యాంకులో పనిచేసి అలసిపోయి వచ్చేది. ఆయన మొదలుపెట్టగానే, "కంచం ముందు ఇనుము వద్దండీ, అన్నం గొంతు దిగదు" అని చేయి అడ్డం పెట్టేది. కూతురికి చెవుల్లో ఎప్పుడూ ఏవో పాటలు. ఇక మిగిలింది బావమరిది.

బావమరిది దుకాణం రెండు వీధుల అవతల. ఆటల పోటీలకు ఇచ్చే కప్పులూ షీల్డులూ పతకాలూ చేసేవాడు, వాటి మీద పేర్లు చెక్కేవాడు. చిన్న గది. ఒక పక్క పతకాలు అచ్చుకొట్టే ప్రెస్సు, ఇంకో పక్క ఉలులూ ఆకురాళ్లూ వరసగా గుచ్చిన చెక్క. సాయంత్రం షట్టరు దించి, కనుబొమల మీద ఇత్తడి పొడి అలాగే ఉంచుకుని నేరుగా అక్క ఇంటికి వచ్చేవాడు. వెనక వరండాలో కుర్చీ లాక్కుని, కాళ్లు పిట్టగోడ మీద చాపి, టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు.

"మా అక్కకి మొగుడు దొరికాడు గానీ బావా, నాకు మాత్రం యూనివర్సిటీ దొరికింది. ఫీజు కూడా లేదు" అనేవాడు.

"పరీక్షలు పెడితే తెలుస్తుంది నీ సంగతి" అనేవారాయన.

కానీ పరీక్ష పెట్టినా బావమరిది నెగ్గేవాడు. విన్నది ఏదీ మరిచిపోయేవాడు కాదు. జర్మనీలో తుపాకీని సర్కారు వాళ్లు మందు దట్టించి పేల్చి చూసి, పగలకపోతేనే ముద్ర వేసేవారని చెబితే, "పగిలితే?" అని అడిగేవాడు. కిరీటం, దాని కింద యూ అక్షరం ఉంటే తనిఖీ అయినట్టు, ఎస్ ఉంటే సీసపు రవ్వల తూటాల గొట్టమన్నట్టు, డబ్ల్యూ ఉంటే గొట్టం మూతి దగ్గర కాస్త ఇరుకు చేశారన్నట్టు అని చెబితే వేళ్ల మీద అప్పజెప్పేవాడు. దొంగ ముద్రను ఎలా పట్టుకుంటావు బావా అని అడిగితే, ఆయన ఉత్సాహంగా ముందుకు వంగి చెప్పేవారు. చెక్కితే లోహం లేచిపోతుందిరా, అచ్చుతో కొడితే లోహం ఎక్కడికీ పోదు, పక్కలకు ఉబుకుతుంది. భూతద్దం కింద ఆ అంచు కనబడుతుంది. "నిజమే సుమా, మా పతకాలకూ అంతే" అని బావమరిది తల ఊపేవాడు. లోపల్నుంచి భార్య, "మీ ఇద్దరికీ పెళ్లి చేయాల్సింది, నేను సుఖపడేదాన్ని" అని కేక వేసేది.

మనిషికి తన మాట వినేవాడు ఒక్కడుంటే చాలు. ఆయన రోజంతా పనిలో చూసినవన్నీ సాయంత్రానికి దాచి పెట్టుకునేవారు.

ఆ వానాకాలంలో పాత సామాన్ల వ్యాపారి ఒకడు వేలం హాలుకు ఒక పొడవాటి తోలు పెట్టె తెచ్చాడు. ఏదో పెద్దింటి అటక మీద దొరికిందన్నాడు. అలాంటి అటక కథలు ఆయన చాలా విన్నారు. పెద్దగా ఆశ లేకుండానే పెట్టె తెరిచారు. లోపల జోడుగొట్టాల వేట తుపాకీ. చెక్క నల్లబడింది, గొట్టాల వెనక తూటా పేల్చే సుత్తులు రెండూ లేడి తలల్లాగా ముందుకు వంగి ఉన్నాయి. పనితనం బాగుంది గానీ ఎక్కడా పేరు లేదు. గొట్టాల కింది చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీసి, దీపం కిందికి జరిపారు. కిరీటాలు కనబడ్డాయి, వాటి కింద అక్షరాలు, ఒక వృత్తంలో గొట్టం కొలత అంకె. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. గుడ్డతో తుడిచి ఇంకాస్త కిందికి చూశారు.

అక్కడ ఒక పిట్ట ఉంది.

ఆయన భూతద్దం దించి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశారు. జర్మనీలో ఒక మారుమూల పట్నంలో పేరు రాయకుండా పిట్ట గుర్తు మాత్రమే కొట్టే తుపాకుల పనివాడు ఒకడుండేవాడు. జీవితంలో చేసినవే కొద్ది, మిగిలినవి మరీ కొద్ది. ఆయన ఆ గుర్తును ఎన్నడూ కళ్లారా చూడలేదు. ఎప్పుడో ఒక పాత పత్రికలో వచ్చిన మసక ఫోటో ఒకటే ఆధారం. అందులో పిట్ట ముక్కు దగ్గర ఒక గీత కనబడేది. గూడు కట్టుకోవడానికి పుల్ల పట్టుకుపోతున్న పిట్ట అని ఆయన అర్థం చేసుకున్నారు. పుల్ల అన్నాక చివర ఒక ఆకు కూడా ఉండి ఉంటుందనీ, ఫోటోలో అది చెరిగిపోయిందనీ మనసులో ఒక ఊహ. ఇప్పుడు భూతద్దం కింద పిట్ట ఉంది, ముక్కున పుల్ల ఉంది, పుల్ల చివర సన్నగా, బియ్యపు గింజలో సగం కూడా లేని ఆకు ఉంది. అంచుల్లో లోహం ఉబికి, ఏళ్ల తరబడి అరిగి నునుపు తేలి ఉంది. చెక్కింది కాదు, కొట్టింది.

ఆకు కూడా తాను అనుకున్నట్టే ఉంది. ఇన్నేళ్ల చదువుకు ఎక్కడో ఒక పనివాడు చేయి ఊపి పలకరించినట్టు అనిపించింది.

ఇంటికి వెళ్లకుండా నేరుగా బావమరిది దుకాణానికి వెళ్లారు. తడిసిన గొడుగు కూడా ముడవలేదు.

"పిట్టరా! పిట్ట దొరికింది!"

బావమరిది ప్రెస్సు ఆపి లేచాడు. "ఏ పిట్ట? ఆ పిట్టేనా?"

"పుల్లతో సహా. ఆకుతో సహా!"

"నీ నోట్లో పంచదార పొయ్యా!" అంటూ వచ్చి బావను కావలించుకున్నాడు. ఆ కావలింత కాస్త ఎక్కువసేపే ఉంది. ఆ పూట బావమరిదే స్వీట్లు కొని ఇంటికి తెచ్చాడు. భార్య కూడా ఒకటి నోట్లో వేసుకుని, "పోనీలెండి, ఇన్నాళ్లకు మీ పిట్ట వాలింది" అని నవ్వింది.

ఆ పాత పత్రికలోని ఫోటోను ఆధారంగా రాసి, తుపాకీ ఆ పనివాడిదేనని ధ్రువీకరిస్తూ ఆయన సంతకం చేశారు. ఆ సంతకం మీద నమ్మకంతో ఒక మ్యూజియం వాళ్లు తుపాకీని కొనుక్కున్నారు. అక్కడ ఆయుధాల విభాగం చూసే అమ్మాయి కొన్నాళ్లకు ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"సార్, మా గోడౌన్‌లో అదే పిట్ట గుర్తుతో ఇంకోటి ఉంది. మీరు ఆ పాత పత్రికలో చూశారే, ఆ ఫోటోలో ఉన్నది ఇదే. మీరొచ్చి చూడాలి సార్. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం."

"నువ్వూ రారా, ఇలాంటిది మళ్లీ చూడలేం" అని ఆయన బావమరిదిని పిలిచారు. షీల్డుల ఆర్డరు ఉందన్నాడు. సరేలెమ్మని ఒక్కరే బస్సెక్కారు.

మ్యూజియం వెనక గదిలో పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఆ అమ్మాయి రెండు తుపాకుల గొట్టాలనూ పక్కపక్కన వెల్లకిలా పడుకోబెట్టింది. పాతదాన్ని ఆయన ముందు చూశారు. పిట్ట ఉంది. ముక్కు మూసుకుని ఉంది. పుల్ల లేదు.

"ఇది ఆ ఫోటోలోదేనా?" అని అడిగారు.

"అదే సార్. నంబరు సరిచూశాను. ఫోటోలో ముక్కు దగ్గర గీత ఉంటుందే, అది ఇదిగో, ఈ గీరుడు." ఆ అమ్మాయి సూది మొనతో చూపించింది. ఒక సన్నని గీరుడు ముక్కు పక్కగా మొదలై, గుర్తు అంచు దాటి, కిరీటం మీదుగా చాలా దూరం పోయింది. ఎవరో ఎప్పుడో గొట్టాలు విడదీస్తూ జార్చిన పనిముట్టు తాలూకు గాటు. ఫోటోలో కొంత ముక్కే పడింది. దాన్నే ఆయన పుల్ల అనుకున్నారు.

ఆయన కొత్తదాని వైపు భూతద్దం జరిపారు. పుల్ల. ఆకు.

"బహుశా రెండు అచ్చులు వాడాడేమో సార్" అంది ఆ అమ్మాయి, ఆయన మొహం చూసి కంగారుగా. "వయసులో ఉన్నప్పుడు ఒకటి, తర్వాత ఒకటి."

"కావచ్చు" అన్నారాయన. ఆ మాట నోట్లోంచి వచ్చిందే గానీ తనదనిపించలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనకు తాను సర్దిచెప్పుకోవాలని చూశారు. ఆ ఫోటో ఇంకెవరైనా చూసి ఉండొచ్చు. తనలాగే పొరబడి ఉండొచ్చు. పుల్ల దాకా ఆ వాదన నిలబడింది. ఆకు దగ్గరకు వచ్చేసరికి కూలిపోయింది. ఆకు ఏ ఫోటోలోనూ లేదు. అది ఆయన ఊహ. దాని గురించి ఎక్కడా రాయలేదు, ఏ సభలోనూ చెప్పలేదు. ఒకే ఒక్కసారి, వరండాలో, దినపత్రిక అంచు మీద పెన్సిలుతో పిట్టను గీసి, "ఇక్కడ ఒక ఆకు కూడా ఉండి ఉంటుందిరా" అని సరదాగా ఒక చుక్కలాంటి ఆకు పెట్టారు. పక్కనుంచి ఒక తల ఆ కాగితం మీదికి వంగి చూసింది. ఆ కనుబొమల మీద ఇత్తడి పొడి.

బస్సు దిగి నేరుగా దుకాణానికి వెళ్లారు. బావమరిది ఒక కప్పుకు మెరుగు పెడుతున్నాడు. బావ మొహం చూడగానే గుడ్డ పక్కన పెట్టి, స్టూలు జరిపాడు. ఆయన కూర్చోలేదు.

"పిట్టను నువ్వే చేశావురా."

బావమరిది కాదనలేదు. ఆ సంగతే ఆయనను ఎక్కువ బాధపెట్టింది. కాదంటాడని, కోపం తెచ్చుకుంటాడని, తాను పొరబడ్డానని ఒప్పుకుని ఇంటికి పోవచ్చని దారంతా ఏ మూలనో ఆశ ఉండింది.

"తుపాకీ పాతదే బావా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "జర్మనీదే. కిరీటాలూ అవీ అన్నీ నిజమైనవే. పేరు లేకపోతే ఎవడూ కొనడని ఆ వ్యాపారి గోల పెట్టాడు. నేను పిట్ట ఒక్కటే కొట్టాను."

"ఒక్కటే."

"ఉక్కు అచ్చు చేసి కొట్టాను. చెక్కలేదు. అంచు ఉబకాలి కదా." చెబుతూ చెబుతూ, తాను ఏం చెబుతున్నాడో తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

"ఎవరు చెప్పార్రా నీకు, అంచు ఉబకాలని?"

బావమరిది మెరుగు గుడ్డ అందుకుని మళ్లీ కింద పెట్టాడు. బయట ఎవరో షట్టరు లేపిన చప్పుడు.

"మిగతావాళ్లను మోసం చేయడానికైతే ఇంత కష్టపడక్కర్లేదు" అన్నారాయన. "ఇది నా కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా. నేను ఎక్కడ చూస్తానో, ఏది చూసి మురిసిపోతానో, ఏది ఉంటే ఇంకేమీ అడగనో, అన్నీ నీకు తెలుసు. నేనే చెప్పాను. టీ ఇచ్చి మరీ చెప్పాను."

"నువ్వు సరేనంటే లోకమంతా సరేనంటుందని వాడన్నాడు బావా. అప్పటికి నేను వాడి దగ్గర అప్పులో పీకల్లోతు ఇరుక్కున్నాను. నీకు నష్టం రాదనుకున్నాను. నువ్వు సంతోషపడతావు కూడా అనుకున్నాను. పడ్డావు కదా?"

ఆయన గోడకు ఆనుకున్నారు. అడగాలనుకున్నది అదేమీ కాదు. "ఎప్పట్నుంచి?"

"ఏమిటి?"

"వరండాలో కూర్చుని నా మాటలు వినేవాడివి. వినడం మానేసి ఏరుకోవడం ఎప్పుడు మొదలుపెట్టావు?"

బావమరిది చేతులు చూసుకున్నాడు. వేళ్ల మీద మెరుగు మందు నల్లగా అంటుకుని ఉంది. "మొదట్లో నిజంగానే వినేవాణ్ణి. తర్వాత కూడా వినేవాణ్ణే. ఎప్పుడు మారిందో చెప్పమంటే నాకూ తెలీదు బావా. ఒట్టు." ఉండబట్టలేక అడిగాడు: "ఎక్కడ దొరికిపోయాను? అచ్చులో తప్పు జరిగిందా?"

ఆ ప్రశ్నలో దొంగ భయం లేదు. పనివాడి పట్టుదల ఉంది. అదే పాత ఆసక్తి, అదే ముందుకు వంగడం. ఆయనకు ఒక్క క్షణం నవ్వొచ్చినట్టయింది.

"నీ తప్పేమీ లేదు. తప్పు నాది. అసలు పిట్టకు పుల్లే లేదు. ఆ అమ్మాయి పాపం రెండు అచ్చులేమో అంటోంది. ఆకు మాత్రం నేను నీకొక్కడికే గీశాను."

ఎటు పోవాలో తెలియక పార్కులో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వాడు ఫోన్ చేశాడు. ఏడ్చాడు" అంది. లోపలికి రానిచ్చి, చెప్పులు విడిచేదాకా ఆగి, ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏవండీ, రెండు అచ్చులు ఉండొచ్చని ఆ మ్యూజియం అమ్మాయే అందట కదా? మీరు అబద్ధం చెప్పనక్కర్లేదు. ఊరుకుంటే చాలు."

"ఊరుకోవడమంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలుసు. మా తమ్ముడు జైలుకు పోకుండా ఉండడం."

ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. ఈ సంగతి ఇప్పుడే విన్న మనిషి గొంతులా లేదు. వస్తువులు పరిశీలించే అలవాటు మనుషుల దగ్గర పనికిరాదని ఆమే చాలాసార్లు అనేది. కానీ ఆ పూట ఆయనకు ఆ తేడా కనబడింది.

"నీకు ముందే తెలుసా?"

"మొత్తం తెలీదు." ఆమె బల్ల మీది గ్లాసును ఇటు జరిపి అటు జరిపింది. "ఆ వ్యాపారితో తిరుగుతున్నాడని తెలుసు. వద్దని తిట్టాను. మీరు పిట్ట దొరికిందని పరుగెత్తుకొచ్చిన రోజు, స్వీట్ల డబ్బా మీ చేతిలో పెడుతూ వాడు మీ మొహం వైపు చూడలేదు. అప్పుడు అర్థమైంది."

"ఆ రోజు నా పక్కనే నిలబడి నవ్వావు."

"మీరు అంత సంతోషంగా ఉన్నారండీ. ఎలా చెప్పమంటారు? చెబితే మీరిద్దరూ మళ్లీ మొహాలు చూసుకోరు. ఈ ఇంట్లో వాడికి మీరు, మీకు వాడు తప్ప ఇంకెవరున్నారు?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. బావమరిది మీద వచ్చిన కోపానికి ఒక ఆకారం ఉంది. దీనికి లేదు. తాను వేలం హాలులో తలెత్తుకుని నడిచిన ఆ రోజులన్నిట్లో, ఇంట్లో ఒక మనిషి తనను చూసి జాలిపడుతూ ఉందన్నమాట. అన్నం వడ్డిస్తూ, నవ్వుతూ.

మర్నాడు వేలం హాలు మేనేజరు గదికి వెళ్లి తుపాకీ గుర్తు దొంగదని చెప్పారు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "మీరే కదండీ నిజమన్నారు. ఇప్పుడు కాదని ఎలా అంటున్నారు? రుజువేమిటి?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. ఆకు తాను ఊహించిందని చెప్పాలి. ఎవరికి గీసి చూపించారో చెప్పాలి. పేరు చెప్పకుండా బయటపడే దారి కోసం ఆయన కిటికీ వైపు చూశారు, నేల వైపు చూశారు. తర్వాత చెప్పారు. మ్యూజియం అమ్మాయికి స్వయంగా ఫోన్ చేసి అదే మాట మళ్లీ చెప్పారు. "సారీ సార్" అందామె, తప్పు తనదైనట్టు.

వ్యవహారం కొన్నాళ్లు నలిగింది. తుపాకీ వెనక్కి వచ్చింది. వ్యాపారిని పట్టుకున్నారు. బావమరిది పోలీసుల ముందు ఉన్నదంతా ఒప్పుకుని వాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు గనుక జైలు తప్పింది. దుకాణం మాత్రం దక్కలేదు. దొంగ ముద్రలు కొట్టినవాడికి పతకాల పని ఎవరిస్తారు? వేరే ఎవరి ప్రెస్సులోనో కూలికి చేరాడు. వేలం హాలు వాళ్లు ఆయనను మానేయమని అనలేదు, పిలవడం మానేశారు. పని చేతకాక పొరబడ్డాడని కొందరు, అందులో వాటా ఉండే ఉంటుందని కొందరు అనుకున్నారు. రెండూ ఆయన చెవిన పడ్డాయి. మొదటిదే ఎక్కువ గుచ్చుకుంది.

భార్య చాన్నాళ్లు అవసరమైన మాటే మాట్లాడింది. ఆయనా అంతే. కూతురు చెవుల్లోని పాటలు తీసేసి ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. మెల్లగా, ఎవరూ ఎవరినీ క్షమించామని అనకుండానే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినడం మొదలుపెట్టారు.

మళ్లీ వానలు పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. బావమరిది గడప బయట నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. రమ్మని మాత్రం అనలేదు.

ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. బావమరిది ఈసారి కాళ్లు పిట్టగోడ మీద పెట్టలేదు. వానల గురించి మాట్లాడాడు, కొత్త చోట యజమాని పీనాసితనం గురించి చెప్పాడు, మేనకోడలి చదువు అడిగాడు. టీ చల్లారింది. మాటలు అయిపోయాయి. అప్పుడు, అలవాటు చొప్పున కాబోలు, కాస్త ముందుకు వంగి అడిగాడు:

"ఇంకేంటి బావా, ఈమధ్య ఏమైనా చూశావా?"

ఆ వారమే మ్యూజియం అమ్మాయి కొన్ని ఫోటోలు పంపింది. మూడు గొట్టాల జర్మన్ తుపాకీ. మరమ్మతు తర్వాత మళ్లీ పేల్చి పరీక్షించినట్టు కిరీటం కింద ఆర్ అక్షరం ఉంది గానీ, ఆ పక్కన ఆయన ఎన్నడూ చూడని ఒక గుర్తు, పండుటాకు చుట్టుకున్నట్టుగా. రెండు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నారు. చెప్పడానికి మనిషి లేక మాటలు నాలుక మీదికి వచ్చి వచ్చి వెనక్కి పోతున్నాయి.

ఇప్పుడు కూడా వచ్చాయి. ఎదురుగా ఉన్న మొహంలోకి చూశారు. నిజంగానే వింటాడేమో. వినడానికే అడిగి ఉండొచ్చు. దాన్ని తేల్చుకోవడానికి ఏ ముద్రా, ఏ అంచూ లేదు.

"లేదురా" అన్నారు. "ఏమీ రాలేదు."

బావమరిది తల ఊపి, ఖాళీ గ్లాసు తీసుకుని, దాన్ని కడగడానికి లోపలికి వెళ్లాడు.